హెచ్4 డూమ్ తీసి హెచ్7 ప్రొజెక్టర్ డూమ్ పెడితే వైరింగ్ ఎలా మార్చాలి?

మీ ప్రశ్న ఇది: 2013 స్విఫ్ట్, కంపెనీ నుంచి వచ్చిన హెచ్4 బల్బులు. ఇప్పుడు ఒక జత ప్రొజెక్టర్ డూమ్‌లు (ముందు లెన్స్ ఉండే హెడ్‌లైట్ గూళ్లు) కొన్నారు. వాటిలో లో బీమ్‌కు హెచ్7, హై బీమ్‌కు హెచ్1, అంటే ఒక్కో పక్క రెండేసి బల్బులు. బిగించే షాపతను "పాత కప్లర్ కోసేసి రెండు వైర్లు కలిపేస్తే అయిపోతుంది" అన్నాడు. అలా చేస్తే ఫ్యూజ్ పోతుందా, హై బీమ్ వేసినప్పుడు లో బీమ్ ఆరిపోతుందా, పనిలో పనిగా 100 వాట్ల బల్బులు వేయించుకోవచ్చా, తర్వాత ఎల్ఈడీకి మారొచ్చా అని అడిగారు.

ముందు కోత సంగతి. ఆ కప్లర్‌ను, అంటే బల్బు వెనక తగిలించే ప్లగ్గును, కోయనివ్వకండి. కోసి కలిపినా లైట్లు వెలుగుతాయి, అబద్ధం కాదు. కానీ ఈ మార్పులో అసలు పని కొత్త బల్బుకు సరిపడే సాకెట్ తగిలించడం కాదు. కరెంట్ ఏ దారిలో వస్తోంది, ఏ స్విచ్ దేన్ని వెలిగిస్తోంది అన్నది మార్చడం. పాత వైర్లను సిగ్నల్ కోసం మాత్రమే వాడుకోండి. బల్బుకు కావలసిన కరెంట్‌ను రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను ఆన్-ఆఫ్ చేసే స్విచ్) ద్వారా బ్యాటరీ నుంచి నేరుగా తెచ్చుకోండి. పాత కప్లర్ చెక్కుచెదరకుండా ఉంటే, రేపు కారు అమ్మేటప్పుడు పాత డూమ్‌లు పది నిమిషాల్లో తిరిగి బిగించుకోవచ్చు.

హెచ్4 బల్బులో ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి: హై 60 వాట్లు, లో 55 వాట్లు. మూడు పిన్నులు: ఒకటి లో, ఒకటి హై, మూడోది రెంటికీ ఉమ్మడి. మామూలుగా హై వేస్తే లో ఆరిపోతుంది, ఎందుకంటే రెండూ కలిసి వెలిగితే అంత చిన్న గాజులో 115 వాట్ల వేడి పుడుతుంది. డిమ్-డిప్ స్విచ్ ఆ లెక్కలోనే తయారైంది. హెచ్7, హెచ్1 అలా కాదు. ఒక్కోదానిలో ఒక్క ఫిలమెంటే, 55 వాట్లు. హెచ్7కు రెండు పిన్నులు. హెచ్1కు వెనక ఒకే పిన్ను, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి) దాని లోహపు అంచు గుండా డూమ్‌లోని హోల్డర్‌కు వెళుతుంది. కాబట్టి మీ పాత మూడు వైర్లు నాలుగు బల్బులకు చేరడమే కాదు, వాటి నడవడిక కూడా మారాలి.

ఇప్పుడు మూడు పిన్నుల్లో ఏది ఏమిటో తేల్చాలి. ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. "పైన అడ్డంగా ఉన్నది లో, మిగతా రెండిట్లో ఒకటి ఎర్త్, ఒకటి హై" అని నెట్లో బొమ్మలు దొరుకుతాయి. వాటిని నమ్మి వైరు కలపకండి. కొన్ని కార్లలో, ముఖ్యంగా జపాన్ వాళ్ల డిజైన్లలో, ఉమ్మడి పిన్ను ఎర్త్ కాదు, ప్లస్. స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. టొయోటాల్లో ఇది బాగా కనిపిస్తుంది. అలాంటి కారులో ఉమ్మడి పిన్నును తీసుకెళ్లి బాడీకి కలిపితే ఫ్యూజ్ ఢామ్మంటుంది. రంగులు చూసి తేల్చే అలవాటు ఉన్నవాళ్లూ ఉన్నారు. వెనక ఎవరో ఒకసారి వైరు మార్చిన సెకండ్ హ్యాండ్ కారులో రంగును నమ్మలేం.

పది నిమిషాల పని ఇది. రెండు పక్కలా బల్బుల నుంచి కప్లర్లు ఊడదీయండి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్‌కు ఆనించండి. హెడ్‌లైట్ ఆన్ చేసి లోలో పెట్టి ఒక్కో పిన్ను చూడండి, తర్వాత హైలో పెట్టి మళ్లీ చూడండి. లోలో ఒక పిన్నుకు 12 వోల్టులు, హైలో వేరే పిన్నుకు 12 వోల్టులు వస్తూ, మూడోది రెండుసార్లూ సున్నా చూపిస్తే మీది మామూలు పద్ధతి: మూడోది ఎర్త్. లైట్లు ఆర్పేసి, ఆ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కంటిన్యుటీ (దారి తెగకుండా ఉందా అన్నది) చూసి నిర్ధారించుకోండి. అలా కాకుండా, లోలో పెట్టినా హైలో పెట్టినా ఒకే పిన్నుకు 12 వోల్టులు వస్తూ, మిగతా రెండూ ఏమీ చూపకపోతే ఉమ్మడి పిన్ను ప్లస్. అప్పుడు ఎర్ర ప్రోబ్‌ను బ్యాటరీ ప్లస్‌కు ఆనించి, నల్ల ప్రోబ్‌తో మిగతా రెండు పిన్నులూ చూడండి. లోలో 12 వోల్టులు వచ్చేది లో వైరు, హైలో వచ్చేది హై వైరు. తేలినవాటికి కాగితం ముక్క అంటించి పేరు రాసి పెట్టుకోండి.

ఇక రిలే. మామూలు 12 వోల్టుల ఆటో రిలేకు నాలుగు పిన్నులు, వాటి పక్కనే నంబర్లు ముద్రించి ఉంటాయి. 85, 86 కాయిల్‌వి, అంటే లోపలి స్విచ్‌ను లాగే తీగచుట్టవి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరు, 87 నుంచి బల్బుకు వెళ్లే వైరు. ఐదు పిన్నుల రిలే అయితే మధ్యలో ఉన్న ఐదోది 87ఏ కావచ్చు. రిలే పని చేయనప్పుడు 30 దానికే కలిసి ఉంటుంది, అంటే లైట్లు వేయనప్పుడు అందులో కరెంట్ ఉంటుంది. దాన్ని 87 అనుకుని బల్బుకు కలిపితే కారు ఆపినా లైటు వెలుగుతూనే ఉంటుంది. వదిలేస్తే స్లీవ్ తొడగకుండా వదలకండి. నాలుగు పిన్నుల రిలేలు రెండు కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు: ఒకటి లోకు, ఒకటి హైకి.

కాయిల్ కలపడంలో ఒక కిటుకు ఉంది. చాలామంది 85ను తీసుకెళ్లి బాడీ ఎర్త్‌కు బిగిస్తారు. అలా కాకుండా కాయిల్ రెండు కొనల్నీ పాత హెచ్4 కప్లర్‌కే కలపండి. లో రిలే కాయిల్ ఒక కొన ఉమ్మడి పిన్నుకు, రెండో కొన లో పిన్నుకు. హై రిలే కాయిల్ ఒక కొన ఉమ్మడి పిన్నుకు, రెండోది హై పిన్నుకు. మామూలు రిలే కాయిల్‌కు ప్లస్, మైనస్ తేడా లేదు కాబట్టి, ఉమ్మడి పిన్ను ఎర్త్ అయినా ప్లస్ అయినా ఇదే కనెక్షన్ పని చేస్తుంది. లోపల డయోడ్ (కరెంట్‌ను ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) ఉన్న రిలే అయితే తేడా ఉంటుంది, దాని మీద గుర్తు చూసుకోండి. ఈ కలిపే పనికి వైరు కోయక్కర్లేదు. హెచ్4 బల్బు వెనక భాగంలా పిన్నులు ఉండే మగ కప్లర్ స్పేర్ షాపుల్లో దొరుకుతుంది. పాత కప్లర్‌లో దాన్ని గుచ్చితే చాలు. ఒక పక్క కప్లర్ నుంచే సిగ్నల్ తీసుకోండి. రెండో పక్కది ఖాళీగా వదిలి, నీళ్లు, దుమ్ము పోకుండా మూసి కట్టేయండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: సిగ్నల్ తీసిన పక్క పాత ఫ్యూజ్ పోతే రెండు పక్కల లైట్లూ పోతాయి.

మీరు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఇంతవరకూ చెప్పినట్టే ఆపేస్తే, హై వేసినప్పుడు లో ఆరిపోతుంది, ఎందుకంటే మీ స్విచ్ ఇంకా హెచ్4 లెక్కలోనే ఉంది. ప్రొజెక్టర్ డూమ్‌లో ఇది చికాకు. హెచ్1 హై బీమ్ దూరానికి కొడుతుంది, కారు ముందు పది పదిహేను మీటర్లు చీకటిగా మిగులుతుంది. ఒక్కో పక్క రెండు బల్బులున్న చాలా కార్లలో కంపెనీ వాళ్లే హైతో పాటు లోను వెలగనిస్తారు. బల్బులు వేరువేరు గనుక వేడి సమస్య ఉండదు.

దీనికి రెండు డయోడ్లు చాలు. 1ఎన్4007 అని అడిగితే ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా ఒకటి రెండు రూపాయలకు ఇస్తారు. అది ఒక ఆంపియర్ దాకా తట్టుకుంటుంది. రిలే కాయిల్ లాగేది 0.15 నుంచి 0.2 ఆంపియర్. లో రిలే కాయిల్‌కు వెళ్లే సిగ్నల్ కొనలో ఒక డయోడ్‌ను లో పిన్ను నుంచి, ఇంకో డయోడ్‌ను హై పిన్ను నుంచి తెచ్చి కలపండి. ఉమ్మడి ఎర్త్ ఉన్న కారులో డయోడ్ మీది వెండి గీత కాయిల్ వైపు ఉండాలి. ఉమ్మడి ప్లస్ ఉన్న కారులో తిరగబడుతుంది: గీత కప్లర్ వైపు. అప్పుడు లో వేస్తే లో ఒక్కటే, హై వేస్తే రెండూ వెలుగుతాయి. డయోడ్ లేకుండా వైరుతోనే రెండు పిన్నులూ కలిపేస్తే లో వేసినా హై వెలిగి, ఎదుటివాళ్లు తిట్టుకుంటారు. సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, ఆ ముక్కను వైరుతో పాటు టేపు చుట్టి గట్టిగా కట్టండి. గాలిలో వేలాడే డయోడ్ కాళ్లు ఇంజిన్ వణుకుకు విరిగిపోతాయి.

కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మీది నీలం హై బీమ్ గుర్తుకు కరెంట్ బల్బు ఫిలమెంట్ గుండానే తిరిగి వస్తుంది. పాత ఫిలమెంట్ తీసేశాక అది వెలగకపోయినా, మసకగా వెలిగినా కంగారు పడకండి, కొత్త లైన్‌లో తప్పుందని వెతకకండి.

ఇక కరెంట్ లైను. ఒక జత 55 వాట్ల బల్బులు సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. లో, హై కలిసి వెలిగితే 18 ఆంపియర్లు. పాత వైరింగ్ మీదే అంతా వేయకూడదనడానికి కారణం ఇదే. పాత పద్ధతిలో కరెంట్ బ్యాటరీ నుంచి స్టీరింగ్ దగ్గరి స్విచ్ దాకా పోయి, మళ్లీ ముందుకు రావాలి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకు సుమారు 0.023 ఓమ్‌ల నిరోధం ఇస్తుంది. నాలుగు మీటర్ల దారిలో 9 ఆంపియర్లు పోతే ఆ వైరులోనే దాదాపు 0.8 వోల్టు పోతుంది. స్విచ్, కప్లర్ పిన్నుల దగ్గర పోయేది దాని మీద అదనం. ఫిలమెంట్ బల్బుకు అందే వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. "హెచ్4 వెలుగు చాలదు" అని మొత్తుకునే సగంమందికి నిజంగా చాలనిది వోల్టేజ్. రిలే వేస్తే అవే పాత బల్బులు తెల్లగా వెలుగుతాయి. డూమ్‌లు కొనకముందు అడిగి ఉంటే ముందు ఇదే చేయమనేవాణ్ని.

బ్యాటరీ నుంచి రిలేల దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, రిలే నుంచి ఒక్కో బల్బుకు 1.5 సరిపోతుంది. సన్నటి తీగలు చాలా ఉండే ఆటో వైరు కొనండి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన వైరు ఇక్కడ వద్దు. దాని తొడుగు బానెట్ కింద వేడికీ నూనెకూ తట్టుకునేలా చేసింది కాదు. ఫ్యూజ్ బ్యాటరీకి ఒక జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజ్ ఉన్నది బల్బును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. బ్యాటరీకీ ఫ్యూజ్‌కూ మధ్య ఉన్న వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే ఆపేవాళ్లు ఉండరు. లో రిలేకు 15, హై రిలేకు 15 ఆంపియర్ల ఫ్యూజులు వేరువేరుగా వేయండి. ఇంకా ఓపిక ఉంటే లో బీమ్‌కు రిలే తర్వాత ఎడమకు ఒకటి, కుడికి ఒకటి 10 ఆంపియర్లవి పెట్టండి. రాత్రి విజయవాడ హైవే మీద వందలో పోతుండగా రెండు లైట్లూ ఒక్కసారి పోవడం కన్నా ఒకటి పోవడం నయం. డ్యాష్‌బోర్డు అరలో ఒక రిలే, నాలుగు ఫ్యూజులు ఉంచుకోండి.

ఎర్త్‌ను అశ్రద్ధ చేస్తారు. వైరింగ్ అంతా బాగున్నా లైటు మసకగా ఉందంటే నేను ముందు చూసేది ఎర్తే. పెయింట్ గీకి, మెరిసే లోహానికి రింగ్ లగ్గు బిగించి, మీద కొంచెం గ్రీజు రాయండి. పాత కప్లర్‌లోని ఉమ్మడి పిన్ను ప్లస్ అయినా సరే, మీ కొత్త లైను మాత్రం రిలే నుంచి ప్లస్, బాడీకి ఎర్త్, అంతే. బిగించాక లైట్లు వేసి, ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌తో చూడండి. బ్యాటరీ ప్లస్‌కూ బల్బు ప్లస్ పిన్నుకూ మధ్య అర వోల్టు దాటకూడదు. బల్బు ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 లోపు రావాలి. లైట్లు ఆర్పి చూస్తే ఈ లెక్కకు అర్థం లేదు, కరెంట్ పారుతున్నప్పుడే చూడాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయడం, కొత్త బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకపోవడం మీకు తెలిసే ఉంటుంది.

100 వాట్ల మాటకొస్తే, వద్దు. 100 వాట్ల బల్బు ఒక్కోటి 8 ఆంపియర్ల పైన లాగుతుంది. కప్లర్‌లో ఒక పిన్ను కొంచెం వదులై 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. 55 వాట్ల బల్బుతో ఆ పిన్ను దగ్గర 2 వాట్ల వేడి పుడుతుంది. 100 వాట్లతో దాదాపు 7 వాట్లు. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది మరి. ప్లాస్టిక్ కప్లర్ ముందు గోధుమ రంగుకు తిరిగి, తర్వాత కరిగి పిన్నుకు అతుక్కుపోతుంది. రిలే, సెరామిక్ హోల్డర్ పెట్టి అది తప్పించినా డూమ్ లోపలి రిఫ్లెక్టర్ పూత మాడుతుంది, ముందున్న ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. కొత్త డూమ్‌ల మీద పెట్టిన డబ్బు అలా పోగొట్టుకోకండి.

ఎల్ఈడీ విషయంలో నా మాట కొంతమందికి నచ్చదు. రిఫ్లెక్టర్ అయినా ప్రొజెక్టర్ అయినా, ఫిలమెంట్ సరిగ్గా ఏ చోట, ఎంత పొడవున ఉంటుందో లెక్కగట్టి తయారు చేసినవే. అక్కడ ఎల్ఈడీ చిప్ పెడితే వెలుగు ఎక్కువ కనిపిస్తుంది గానీ, పడవలసిన చోట పడదు. కారు ముందు నేల తెల్లగా వెలిగిపోతుంది, దూరం మసకబారుతుంది, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. హెచ్4 రిఫ్లెక్టర్‌లో ఇది మరీ దారుణం, ఎందుకంటే లో ఫిలమెంట్ కింద ఉండే చిన్న గిన్నెలాంటి అడ్డే కటాఫ్ గీతను (వెలుగు పైకి పోకుండా తెగే హద్దును) తయారు చేస్తుంది. ప్రొజెక్టర్‌లో కటాఫ్ నిలుస్తుంది కానీ దూరపు వెలుగు తగ్గుతుంది. అయినా వేస్తానంటే పోలారిటీ చూసుకోండి. ఫిలమెంట్‌కు ఎటు కలిపినా ఒకటే, ఎల్ఈడీకి కాదు. హెచ్ఐడీ (ఫిలమెంట్ లేకుండా వాయువులో మెరుపుతో వెలిగే బల్బు) అయితే పదేపదే ఆరి వెలగడం దానికి చేటు. డయోడ్‌తో లో ఎప్పుడూ వెలిగేలా చేయడం దానికి తప్పనిసరి. లైట్లు ఆర్పి ఉన్నప్పుడు హై ఫ్లాష్ కొట్టే అలవాటు ఉంటే మాత్రం ప్రతిసారీ హెచ్ఐడీ కూడా అంటుకుని ఆరుతుంది, అది మానుకోవాలి.

అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా బల్బులో డూమో తెప్పించుకునేవాళ్లకు రెండు మాటలు. అక్కడ 9005 అంటే హెచ్‌బీ3, 9006 అంటే హెచ్‌బీ4. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ పట్టే గాట్లు వేరు. హెచ్8, హెచ్9, హెచ్11ల సంగతీ అంతే: 35, 65, 55 వాట్లు. గాట్లు ఆకురాయితో అరగదీసి దూర్చేవాళ్లున్నారు, ఫోకస్ పోతుంది, అలా చేయకండి. అంతకన్నా ముఖ్యం, కుడివైపు నడిపే దేశాల డూమ్‌ల లో బీమ్ కుడి పక్కకు పైకి లేస్తుంది. మన రోడ్డు మీద అది సరిగ్గా ఎదురుగా వచ్చేవాడి మొహం మీద పడుతుంది. వైరింగ్‌తో దాన్ని సరిచేయలేం.

ఇదంతా మీ స్విఫ్ట్ లాంటి కార్లకు సరిపోతుంది. లైట్లను కంప్యూటర్ మాడ్యూల్ నడిపే కొత్త కార్లలో బల్బుకు కరెంట్ ముక్కలు ముక్కలుగా, సెకనుకు ఎన్నోసార్లు ఆన్-ఆఫ్ అవుతూ వస్తుంది. అక్కడ రిలే కాయిల్ గరగరమంటుంది, లేదా బల్బు పోయిందని డ్యాష్‌బోర్డు హెచ్చరిస్తుంది. అలాంటి కారులో ఆ మోడల్ కోసమే చేసిన కిట్ దొరికితేనే ముందుకు వెళ్లండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద, కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన డూమ్ అయితే మాట వేరు గానీ, బయటి డూమ్ అయితే ఈ రిస్క్ మీదే. పాత డూమ్‌లు పారేయకండి.

చివరి పని ఫోకస్ సెట్టింగ్. ఇది చేయకుండా షాపు నుంచి బయటికి రాకండి, షాపతను "అంతా ఓకే సార్" అన్నా సరే. టైర్లలో గాలి సరిగ్గా నింపి, డ్రైవర్ సీటులో ఒకరిని కూర్చోబెట్టి, చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలపండి. లోపల లెవెల్ చక్రం ఉంటే సున్నా దగ్గర పెట్టండి. ప్రొజెక్టర్ లెన్స్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతకు 10 సెంటీమీటర్లు కింద టేపు అంటించండి. లో బీమ్ కటాఫ్ గీత ఆ టేపు మీద పడాలి, ఎడమ పక్కన మాత్రమే పైకి లేవాలి. స్థలం లేక 5 మీటర్ల దూరం నుంచే చూస్తే 5 సెంటీమీటర్లు కింద. ఒక పక్క డూమ్‌కు గుడ్డ కప్పి రెండోది సెట్ చేయండి, రెండూ ఒకేసారి చూస్తే ఏ గీత ఎవరిదో తెలియదు. వారం తిరిగాక బానెట్ ఎత్తి, లైట్లు పది నిమిషాలు వెలిగించి, ఆర్పిన వెంటనే కొత్త కప్లర్లనూ ఫ్యూజ్ హోల్డర్‌నూ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు పెట్టలేనంత వేడిగా ఏది ఉంటే, ఆ లగ్గు మళ్లీ క్రింప్ చేయించండి.